ఒకే చేతి రాత

"ఆ ఉత్తరం ఇంకోసారి చదువు," అన్నాడు ఎత్తోరె.

"నాలుగుసార్లు చదివాను," అంది ఫిలొమేనా.

"అయిదోసారి చదువు. ఎక్కడైనా మనమే తప్పుగా అర్థం చేసుకున్నామేమో."

తప్పుగా అర్థం చేసుకోవడానికి యూనివర్సిటీ పంపిన ఆ ఉత్తరంలో ఏమీ లేదు. ఆర్థిక చరిత్ర పరీక్షకి కూతురు వియోలా ఇచ్చిన వ్యాసంలోనూ, ఆమె స్నేహితురాలు జినేవ్రా ఇచ్చిన వ్యాసంలోనూ మూడు పేజీలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. వియోలా తన దగ్గర దొంగిలించిందని జినేవ్రా రాసిచ్చింది. వియోలా మాత్రం నోరు విప్పలేదు. గురువారం ఉదయం పదకొండు గంటలకి విచారణ సంఘం ముందుకి రావాలి. రెండు వ్యాసాల నకళ్లూ ఉత్తరానికి జతచేశారు.

పొయ్యి మీద ఆదివారం టమాటా పులుసు అడుగంటుతోంది. ఎవరూ లేచి కట్టేయలేదు.

"దొంగ అనిపించుకోవడానికా నిన్ను అక్కడ చేర్చింది?" ఎత్తోరె కూతురి వైపు తిరిగాడు. "మిలాన్‌లో సగంమంది ఆ గేటు బయటినుంచి చూసి వెళ్లిపోయేవాళ్లే. లోపలికి పంపించాను నిన్ను."

"పంపించమని నేనడిగానా?" వియోలా తల ఎత్తలేదు. "ప్రభుత్వ యూనివర్సిటీలో చేరతానని చెప్పాను. నువ్వే వినలేదు."

"మీ అమ్మ చదివిన చోట చదవడం నామోషీనా?"

"నామోషీ కాదు నాన్నా. అందరి ఇళ్లలో పిల్లలకి రాజకుమారి కథలు చెబుతారు. మనింట్లో ఆ యూనివర్సిటీ కథలు చెప్పారు. మంచు కప్పిన మెట్లు, కాలువ గట్టు మీద గది, అమ్మ స్నేహితురాలు లూలూ, ఆ లూలూ కోటు. నేను వెళ్లి చూస్తే అక్కడ మెట్లు మాత్రమే ఉన్నాయి."

ఎత్తోరె భార్య వైపు చూశాడు. ఆమె ఏదైనా అంటుందని. ఫిలొమేనా ఉత్తరం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"నువ్వు కాపీ కొట్టావా, లేదా? ఒక్క ముక్క చెప్పు."

"కొట్టాననే అనుకో."

ఎత్తోరె లేచి కోటు తీసుకున్నాడు. కింద వీధిలో అతని కళ్లజోళ్ల దుకాణం. ఆదివారం మూసే ఉంటుంది. మనసు బాగాలేని రోజున అతను దుకాణం లోపల గడియ పెట్టుకుని, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్లీ తుడుస్తూ కూర్చుంటాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఫిలొమేనాకి ఆ గడియ చప్పుడు బాగా తెలుసు.

వియోలా తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అప్పుడు ఫిలొమేనా పొయ్యి కట్టేసింది. ఉత్తరం చివర ఉన్న సంతకం మీద వేలు పెట్టి నిలబడింది. ఇంట్లో ఇద్దరూ ఆ సంతకాన్ని చూశారు. ఇద్దరికీ అది ఒక ప్రొఫెసర్ పేరు మాత్రమే. విచారణ సంఘం అధ్యక్షురాలు, లుదోవికా బొర్సొత్తి.

లూలూ అసలు పేరు లుదోవికా అని ఫిలొమేనా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

*

సాయంత్రం నాలుగు గంటలకి ఆమె రెండు వ్యాసాలూ తీసుకుని వరండాలోకి వచ్చింది. పాత మేడ. అంతస్తులోని ఇళ్లన్నిటికీ ఒకటే పొడుగాటి ఇనప కమ్ముల వరండా. పక్కింటి పినూచ్చా అవ్వ దుప్పట్లు ఆరేస్తోంది.

"ఏమ్మా ఫిలొమేనా, ఇవాళ మీ ఇంట్లో రేడియో గట్టిగా పెట్టినట్టున్నారు," అంది అవ్వ.

"రేడియో కాదవ్వా. మా ఆయన."

"అదే అనుకున్నా. మధ్యలో పాటలు రాలేదు." అవ్వ నవ్వి, ఇంకేమీ అడగకుండా ఖాళీ బుట్ట తీసుకుని లోపలికి పోయింది. మంచి మనిషి.

ఫిలొమేనా ముందు కూతురి వ్యాసం చదివింది. తరవాత జినేవ్రాది. ఏడో పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ పేజీ వియోలా వ్యాసంలో లేదు. చదివిన వాక్యమే మళ్లీ చదివి, లోపలికి వెళ్లి కూతుర్ని పిలుచుకొచ్చింది.

"ఈ వ్యాసం ఎవరు రాశారు?"

"జినేవ్రా. పైన పేరుంది కదా."

"పేరు నాకూ కనిపిస్తోంది. రాసిందెవరు?"

వియోలా ఆరేసిన దుప్పటి అంచు సరిచేసింది.

"'పొగాకు గుచ్చిన చేతికి సబ్బూ అంటదు, సిగ్గూ అంటదు.'" ఫిలొమేనా చదివింది. "ఇది మా అమ్మమ్మ మాట. మా ఊళ్లో షెడ్డు నేల మీద కూర్చుని పొద్దస్తమానం ఆకు గుచ్చిన మనిషి మాట. అంట్లు తోముతూ నేను అంటుంటే నువ్వు విన్నావు. జినేవ్రా ఎక్కడ వింది? వాళ్లింట్లో పొగాకు అంటే వాళ్ల నాన్న కాల్చే చుట్టే కదా."

వియోలా కమ్మి పట్టుకుని కింద ముంగిట్లోకి చూసింది. "రెండూ నేనే రాశాను," అంది. "ముందు తనది రాశాను. తరవాత నాది రాసుకోవడానికి ఓపిక లేకపోయింది. మూడు పేజీలు అవే పెట్టేశాను. ఎవరూ చూడరనుకున్నాను."

"ఎందుకు రాసిచ్చావు?"

"నీకు అర్థం కాదులే అమ్మా."

"అర్థమయ్యేట్టు చెప్పు."

"మొదటి ఏడాది నాలుగు నెలలు క్యాంటీన్‌లో పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలీక తిరిగాను. ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. వాళ్ల పడవలు, వాళ్ల మంచు కొండలు, వాళ్ల మాటలు వాళ్లవి. ఒకరోజు జినేవ్రా కుర్చీ మీంచి తన సంచి తీసి కింద పెట్టింది. అంతే."

"సంచి తీసినందుకు వ్యాసం రాసిచ్చావా?"

"చెప్పాగా, నీకు అర్థం కాదని. నీకక్కడ అందరూ స్నేహితులే." వియోలా గొంతు తగ్గింది. "మొన్న నవంబర్లో వాళ్ల నాన్న ఇల్లొదిలి వెళ్లిపోయాడు. అది వారంరోజులు తిండి తినలేదు. గడువు దగ్గర పడింది. నేను చూస్తూ కూర్చోవాలా?"

"ఆ పిల్లే నిన్ను దొంగ అని రాసిచ్చింది."

"భయపడి రాసింది. నిజం చెబితే ఇద్దరినీ తీసేస్తారు. ఊరుకుంటే నన్నొక్కదాన్నే."

ఫిలొమేనా కూతురి జుట్టు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. ఏమని వేస్తుంది? ఈ మాటలన్నీ ఇరవై నాలుగేళ్ల క్రితం ఆమె తనకి తాను చెప్పుకున్నవే.

*

పందొమ్మిదేళ్లప్పుడు ఇటలీ పటంలో బూటు మడమ దగ్గరుండే దక్షిణాది ఊరినుంచి ఒక అట్టపెట్టె, ఒక స్కాలర్‌షిప్పు కాగితం పట్టుకుని ఆమె మిలాన్‌లో దిగింది. మొదటిరోజు తరగతిలో ప్రొఫెసర్ ఊరు అడిగాడు. చెప్పింది. వెనక బల్లల్లో ఎవరో ఆమె యాసని అనుకరించారు. అందరూ నవ్వారు. నవ్వనిదల్లా ఒక్కతే. ఒంటె రంగు కోటు వేసుకున్న ఒక పొడుగాటి పిల్ల.

"ఒసేయ్, మీ ఊళ్లో నిజంగా డిసెంబర్లో కూడా ఎండ కాస్తుందా?" అని అడిగింది ఆ పిల్ల మెట్ల మీద.

"కాస్తుంది."

"అయితే ఇక్కడికెందుకొచ్చావే, పిచ్చిదానా."

లూలూకి కాలువ గట్టు మీద తండ్రి కొనిచ్చిన గది ఉండేది. రెండో నెలకల్లా మేనా ఆ గదిలోకి మారిపోయింది. ఫిలొమేనాని మేనా చేసింది లూలూయే.

నెలకోసారి దక్షిణాది బస్సులో ఊరినుంచి పెట్టె వచ్చేది. తెల్లారగట్ల పొగమంచులో ఇద్దరూ వెళ్లి డ్రైవర్ చేతినుంచి అందుకునేవారు. నీళ్ల సీసాల్లో పోసిన ఆలివ్ నూనె, ఎండబెట్టిన టమాటాలు, సోంపు వేసి చేసిన కరకరలాడే చక్రాలు, అమ్మ చేతిరాతలో రెండు ముక్కలు. పెద్ద పెద్ద హోటళ్లలో తిని పెరిగిన లూలూ ఇంటికి వచ్చేదాకా కూడా ఆగేది కాదు. ట్రాములోనే పెట్టె తాడు కోసేది. ఒకసారి నూనె ఒలికి ఆ ఒంటె రంగు కోటు మీద అరచేయంత మరక పడింది. మేనా ఏడుపు మొహం పెట్టింది. "పోనీలేవే," అంది లూలూ, "ఇప్పుడిది కూడా మీ ఊరిదే." ఆ శీతాకాలమంతా మరకతోనే తిరిగింది.

మౌఖిక పరీక్షల్లో మార్కు నచ్చకపోతే వద్దని లేచి రావచ్చు. లూలూ తనకి ముప్పైకి ఇరవై ఎనిమిది ఇచ్చినా నవ్వి, "మళ్లీ వస్తానండీ," అని లేచి వచ్చేది. మేనాకి ఆ దర్జా లేదు. ఏడాదిలో ఇన్ని పరీక్షలు దాటకపోతే స్కాలర్‌షిప్పు పోతుంది. ఇచ్చిన మార్కు కళ్లకద్దుకుని తీసుకోవాలి. లూలూ పరీక్ష గది బయట కాపలా కాసి, మేనా రాగానే మొహం చూసి మార్కు చెప్పేసేది. ఎప్పుడూ తప్పేది కాదు.

ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఫిలొమేనాకి ముందు వచ్చేది ఆ గది వాసన. గ్యాసు పొయ్యి, తడి ఉన్ని, నారింజ తొక్కలు. తను ఆ ఇంటి మనిషి కాదని అక్కడ ఒక్కరోజు కూడా అనిపించలేదు.

చివరి ఏడాది లూలూ తల్లి మంచం పట్టింది. లూలూ పక్క దిగడం మానేసింది. థీసిస్ పెట్టడానికి అయిదు వారాలు. కాగితాలు ఖాళీగా ఉన్నాయి. మేనా తన థీసిస్ పక్కన పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, పొగాకు షెడ్లలో పనిచేసిన ఆడవాళ్ల గురించి మధ్యాహ్నాలన్నీ రాసింది. అమ్మమ్మ చెప్పినవి, అమ్మమ్మ తోటివాళ్లు చెప్పినవి. లూలూ అడగలేదు. ఇదీ నిజం. అయిదో వారం పూర్తయిన కట్ట ఒళ్లో పెడితే వద్దని కూడా అనలేదు.

లూలూకి పూర్తి మార్కులు, పైన ప్రశంస. తలమీద, పట్టభద్రులకి పెట్టే బే ఆకుల దండ. అక్కడే పరిశోధనకి ఉండిపొమ్మన్నారు. వారం తరవాత మేనా తన సగం ఉడికిన థీసిస్ అందరి ముందూ పరీక్షలో చదివితే అత్తెసరు మార్కులు వచ్చాయి. బస్సులో వచ్చిన అమ్మానాన్నలు వెనక బల్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టారు. లూలూ రాలేదు.

ఆ తరవాత ఇద్దరూ ఒకరినొకరు పిలవలేదు. కొన్నేళ్లకి లుదోవికా బొర్సొత్తి పేరుతో పొగాకు ఆడవాళ్ల మీద ఒక పుస్తకం, పుస్తకాల దుకాణం అద్దాల వెనక కనిపించింది. ఫిలొమేనా రోడ్డు దాటి అవతలి వైపు నడిచింది. ఈనాటికీ ఆ పుస్తకం తెరవలేదు.

*

మంగళవారం తను పనిచేసే నోటరీ ఆఫీసులో పూట సెలవు పెట్టి ఆమె యూనివర్సిటీకి వెళ్లింది. మెట్లు అవే. లోపల గోడలు మాత్రం గాజువి అయ్యాయి. మూడో అంతస్తులో తలుపు కొట్టింది.

లుదోవికా జుట్టు తెల్లబడింది. రంగు వేయలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంటిపేరు చూసి ఎవరో అనుకున్నాను మేనా. నిన్న ఆ పిల్ల ఫోటో చూశాక తెలిసింది. నవ్వకుండా ఉంటే అచ్చం నువ్వే."

"ఈ మధ్య నవ్వడం లేదు."

"కూర్చో."

ఫిలొమేనా కూర్చుంది. 

"నువ్వు వస్తావని ఏళ్ల తరబడి అనుకున్నాను," అంది లుదోవికా. "వచ్చి ఏం అంటావో కూడా రకరకాలుగా ఊహించుకున్నాను. ఏదైనా అను. పడతాను."

"నిన్ను అనడానికి రాలేదు. నా కూతురు దొంగతనం చేయలేదు. రెండూ అదే రాసింది." ఫిలొమేనా ఏడో పేజీ ముందుకి జరిపింది. "ఆ మాట చూడు. మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. గురువారం జినేవ్రాని అడుగు, ఇది నీకెవరు చెప్పారని. చాలు."

లుదోవికా చదివింది. లేచి అలమరలోంచి ఒక పుస్తకం తీసి, మూడో అధ్యాయం దగ్గర తెరిచి ఆమె ముందు పెట్టింది. అధ్యాయం తలమీద, వాలు అక్షరాల్లో, అదే మాట.

"నీకు తెలుసనుకున్నాను," అంది మెల్లిగా.

"నేను దీన్ని ఎప్పుడూ తెరవలేదు."

"మొదటి ఏడాది పిల్లలందరికీ ఇది పాఠం. అడిగితే జినేవ్రా ఈ పుస్తకంలోంచి తీసుకున్నానంటుంది. ఆ మాట మీ ఇంటిదని రుజువు చేయాలంటే నా పుస్తకంలోకి ఎలా వచ్చిందో ఎవరో ఒకరు చెప్పాలి."

ఫిలొమేనా అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయింది. అమ్మమ్మ పేరు ఎక్కడా లేదు. తమ ఊరున్న జిల్లా పేరుతో 'లెచ్చె ప్రాంతపు సామెత' అని మాత్రం ఉంది.

"నేను నోరు విప్పితే నా పట్టా ఒక్కటే పోదు," అంది లుదోవికా. "రాసిచ్చినవాళ్ల పట్టా కూడా రద్దవుతుంది, ఎన్నేళ్లయినా సరే. ఆ నియమం రాసింది నేనే. నా మీద నాకే కోపం వచ్చిన ఏడాది రాశాను."

"ఆ రోజు నా పరీక్షకి ఎందుకు రాలేదు లూలూ?"

లుదోవికా ఈ ప్రశ్న ఊహించుకున్నవాటిలో లేనట్టుంది. కిటికీ వైపు తిరిగింది.

"వచ్చాను. తలుపు దాకా. నీ గొంతు వణుకుతోంది. ఒక్కో ప్రశ్నకీ తడుముకుంటున్నావు. నా థీసిస్ మీద అడిగి ఉంటే జవాబులన్నీ నువ్వు నిద్రలో కూడా చెప్పేదానివి. లోపలికి అడుగు పడలేదు. తరవాత నీ మొహం ఎప్పుడు తలుచుకున్నా ఆ తలుపే కనిపించేది."

"నేను నీకోసం ఒక కుర్చీ పట్టి ఉంచాను. మా అమ్మ దాని మీద తన చేతిసంచి పెట్టి ఎవరినీ కూర్చోనివ్వలేదు."

 ఫిలొమేనా కాగితాలు సర్దుకుంది. ఏమీ అడగలేదు. లుదోవికా ఏమీ ఒప్పుకోలేదు. తలుపు దగ్గర మాత్రం, "ఆ చక్రాలు ఇప్పటికీ మీ అమ్మ చేస్తుందా?" అంది.

"అమ్మ పోయి ఆరేళ్లయింది. నేను చేస్తాను. అంత బాగా రావు."

*

గురువారం పదిన్నరకే వాళ్లు ముగ్గురూ విచారణ గది బయట బల్ల మీద కూర్చున్నారు. ఎత్తోరె పెళ్లి నాటి సూటు వేసుకున్నాడు. గుండీ పట్టడం లేదు.

ఎదుటి బల్ల మీద జినేవ్రా, పక్కన వాళ్లమ్మ. ఆ పిల్ల బాగా చిక్కిపోయింది. వియోలా ఒకసారి అటు చూసింది. జినేవ్రా తల దించుకుంది.

"ఎదురుగా కూర్చుని మొహం చూసే ధైర్యం కూడా లేదు," అని గొణిగాడు ఎత్తోరె.

"నాన్నా, ఊరుకో."

"ఊరుకోవడానికే వచ్చాను లేవే. మీ ఇద్దరూ నాకేదో చెప్పడం లేదు. నాలుగు రోజులుగా ఇంట్లో ఊరుకుంటూనే ఉన్నాను."

ఫిలొమేనా భర్త చేతి మీద చెయ్యి వేసింది. అతను తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

వరండా చివర లుదోవికా కనిపించింది. చేతిలో కాగితాలు లేవు. ప్రొఫెసర్ గౌను లేదు. దారిలో ఎవరో 'ప్రొఫెసర్ బొర్సొత్తి' అని పలకరించడం విని ఎత్తోరె గబుక్కున లేచాడు.

"ప్రొఫెసర్ గారూ, మా అమ్మాయి చిన్నప్పటినుంచీ..."

"కూర్చోండి. లోపల నేను ఉండడం లేదు. ఈ విచారణ నేను చేయకూడదని పొద్దున్నే రాసిచ్చేశాను." ఆమె వచ్చి ఫిలొమేనా పక్కన, బల్ల చివర ఉన్న కాస్త చోటులో కూర్చుంది. "నేను సాక్షిగా వచ్చాను మేనా. పుస్తకం గురించి చెప్పేస్తాను. నా సంగతి మాత్రమే చెబుతాను. నీ పేరు అడిగితే తెలీదంటాను."

"తెలీదంటే నమ్ముతారా?"

"నమ్మకపోతే నమ్మకపోనీ."

ఎత్తోరె ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూశాడు. "మేనా ఏమిటి?" అన్నాడు. "ఫిలొమేనా, ఈవిడ నీకు తెలుసా?"

ఎదురు బల్ల మీద జినేవ్రా తల ఎత్తింది. వియోలా లేచి నిలబడింది. 

విచారణ గది తలుపు తెరుచుకుంది. గుమాస్తా కాగితం చూసి వియోలా పేరు పిలిచాడు.

లుదోవికా లేవబోయింది. "ఒక్క నిమిషం. ఈ అమ్మాయి లోపలికి వెళ్లేముందు నేనొక మాట చెప్పాలి."

ఫిలొమేనా ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. గట్టిగా, కాలువ గట్టు గదిలో ఉన్న రోజుల్లో లూలూ జ్వరంతో లేవబోతే లాగినట్టు.

"కూర్చో లూలూ," అంది. "అది నేను చెప్పాలి."

లూలూ అన్న పేరు విని వియోలా కదలకుండా నిలబడిపోయింది. గుమాస్తా ఆమె పేరు రెండోసారి పిలిచాడు.

వియోలా అతని వైపు చూడలేదు. వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చుంది.

"చెప్పమ్మా," అంది. "వాళ్లు ఆగుతారు."